ఖాళీగా పోకూడని గిన్నె

నేను మిర్చి యార్డులో ముప్ఫై నాలుగేళ్లు కాటా దగ్గర నిలబడ్డవాణ్ని. బస్తా తూకం విషయంలో తప్ప మరే విషయంలోనూ కాటా పున్నయ్య మాట నమ్మవద్దని మా పాటిపాలెంలో ఒక వాడుక ఉంది. న్యాయమైన వాడుకే. అందుచేత ఈ కథలో ఎక్కడైనా నమ్మబుద్ధి కాని సంగతి తగిలితే అది నేను కల్పించింది కాదు, ప్రభుత్వంవారు చేసింది అనుకోండి. నేను కల్పించినవి ఇంతకంటే నమ్మేటట్టు ఉంటాయి.

జనం అక్కర్లేని వస్తువులు ఎందుకు కొంటారు, కొన్నవాటిని ఎందుకు పారేయరు అన్న ప్రశ్న మీద రాజధానిలో ఒక నిపుణుల సంఘం రెండేళ్లు కూర్చుంది. కూర్చోవడానికని నలభై తిరుగుడు కుర్చీలు కొన్నారు. సభ్యులు పదకొండుమంది. మిగతా ఇరవై తొమ్మిదీ ఎందుకు కొన్నట్టని ఎవరూ అడగలేదు, అది పరిశోధనాంశంలో లేదు. చివరకు ఆరువందల పేజీల నివేదిక వచ్చింది. మనిషి అవసరమై కొనడు, మనసాగక కొంటాడు అన్నది దాని సారాంశం. దిగులేసిన ఆడమనిషి చీర కొంటుంది, పక్కింటాయన కొన్నాడని ఈయన కూలర్ కొంటాడు, పోయిన తండ్రి మీద బెంగతో కొడుకు ఆయన విరిగిన కళ్లజోడు బీరువాలో దాస్తాడు. ఈ ముక్క మా వీధిలో బియ్యంలో రాళ్లేరుతున్న ఏ అమ్మనడిగినా ఒక చేట అయ్యేలోపు చెప్పేది. కాకపోతే ఆమె చెబితే అది కబురవుతుంది, నివేదిక కాదు.

నివేదిక వచ్చాక ఊరుకుంటే బాగుండదు గనక మమకార క్రమబద్ధీకరణ శాఖ పుట్టింది. ఇంట్లో ఏడాదిపాటు చెయ్యి పడని వస్తువు ఏది ఉన్నా, దాన్ని ఎందుకు ఉంచుకున్నారో రాసిచ్చి హేతుపత్రం తీసుకోవాలి. కారణాలు ఇరవై మూడు. జ్ఞాపకం, బెంగ, పోటీ, మళ్లీ దొరకదేమోనన్న భయం, ఊరికే వచ్చినందువల్ల కలిగిన సంతోషం, ఇలా ఒక పట్టిక అచ్చు వేసి గోడకు తగిలించారు. ఈ ఇరవై మూడింటిలో ఇమడని వస్తువు శాఖవారి గోడౌనుకి పోతుంది. మా ఊళ్లో ఒకప్పుడు పొగాకు నిలవచేసే షెడ్డునే గోడౌనూ ఆఫీసూ చేశారు. లోపల కూర్చున్న ప్రతివాడూ తుమ్ముతూనే ఉద్యోగం చేశాడు.

మా ఊరికి వచ్చిన ప్రాంతీయ మమకార అధికారి పేరు పరాంకుశం గారు. యాభై ఏళ్ల మనిషి, సన్నగా దబ్బనంలా ఉండేవాడు, లంచం ముట్టడు, ఎవరిమీదా కోపం లేదు. అటువంటివాడు ఒక నియమాన్ని అమలు చేస్తానని బయల్దేరితే ఆపడం కష్టం. ఆఫీసు తెరిచిన రోజు మైకు పట్టుకుని మాకు ధైర్యం చెప్పాడు.

"ఈ పట్టణమందలి యావన్మంది పౌరులకు తెలియజేయునదేమనగా, మీ మీ గృహములలో హేతురహితముగా నిలిచియున్న వస్తువులు సమాజము యొక్క మనస్సుపై భారము మోపుచున్నవి. సదరు భారమును దించుటయే మా శాఖకు గల ఏకైక మమకారము."

చప్పట్లు కొట్టాం. కొట్టకపోతే ఎందుకు కొట్టలేదో రాసివ్వాలేమోనని కొందరు రెండుసార్లు కొట్టారు.

ఆ ఆఫీసు ఎదురుగా టీ బంకు, బంకు ముందు ఒక బల్ల. ఆ బల్లమీద నేను స్థిరపడ్డాను. జనానికి వస్తువులున్నాయి, కారణాలు లేవు. నాకు కారణాలకి కొదవలేదు. ఒక టీ తాగిస్తే ఒక దరఖాస్తు రాసేవాణ్ని.

మొదట వచ్చింది దానియేలు మాస్టారు. హైస్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి. ఆయన చేతిలో గొడుగు ఉంది, ఆ గొడుక్కి ఊచలు తప్ప గుడ్డ లేదు. ఎందుకుంచుకున్నారు మాస్టారూ అని అడిగాను.

"ఏమో పున్నయ్యా. పారేద్దామని బయటికి తీసుకొస్తాను. చేతిలో ఉండగా పారేయబుద్ధి కాదు. మళ్లీ లోపల పెడతాను," అన్నాడాయన.

అది ఆయన గుండెలోంచి వచ్చిన మాట. ఇరవై మూడింటిలో లేదు. అందుకని పెద్ద గాలివాన వచ్చిన ఏడు మాస్టారు బడి ఆవరణలో ఈ గొడుగు విప్పగా, గాలి ఆయన్ని గొడుగుతో సహా ఎత్తుకుని కాలవ మీదుగా, యార్డు మీదుగా తీసుకుపోయిందనీ, కింద జనం కంగారుపడకుండా ఆయన దారిపొడుగునా ఈల ఊదుతూ వెళ్లాడనీ, సరిగ్గా భోజనాల వేళకి అత్తగారి డాబా మీద దింపిందనీ రాశాను. పరాంకుశం గారు అది రెండుసార్లు చదివాడట. కళ్లజోడు తుడుచుకున్నాడట. ఆ పూట అత్తగారింట్లో ఏం కూర చేశారని మాస్టారిని అడిగి, దొండకాయ వేపుడని చెప్పాక, పదకొండో కారణం, 'ప్రాణరక్షణ వలన కలిగిన కృతజ్ఞత' కింద ముద్ర కొట్టాడట. పాపం ఆ మనిషికి చిన్నప్పుడు కథలు చెప్పినవాళ్లు లేరని నాకప్పుడే అర్థమైంది.

ఇక చూడండి. నడవని గోడ గడియారాలు, కుక్కర్ వచ్చిన అట్టపెట్టెలు, కవర్లు దాచే కవరు, పాటరాని టేప్ రికార్డర్లు, ఒక చెప్పు. అన్నిటికీ ఘనమైన చరిత్రలు పుట్టాయి. ఆ ఒక చెప్పు గలాయన రెండో చెప్పుని పులి ఎత్తుకుపోయింది. మా జిల్లాలో పులి లేదు, అయినా పత్రం వచ్చింది.

దాంతో జనానికి కొత్త ధైర్యం వచ్చింది. ఇంతకాలం కొనాలనిపించినా ఎందుకులే అని ఆగినవాళ్లు, ప్రభుత్వమే ఇరవై మూడు కారణాలు అచ్చు వేసి ఇచ్చాక ఎందుకాగుతారు? స్టీలు కొట్టు గురవయ్య తన షాపు ముందు గుడ్డ బ్యానర్ కట్టాడు. బిందె కొన్నవారికి బెంగ, డ్రమ్ము కొన్నవారికి బెంగ ప్లస్ పోటీ, దరఖాస్తు మేమే రాసి ఇస్తాం అని. పట్టిక చూసుకుని తమ ఇంట్లో పదిహేడో కారణం లేదని చిన్నతనపడి, దానికోసం ఒక సోఫా తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు. శాఖవారు కూడా హేతుపత్రాల నకళ్లు దాచడానికి అరవై బీరువాలు కొన్నారు. వాటికి హేతుపత్రం అడగాలని నాకు తోచింది గానీ, అప్పటికి నాకు రోజుకి పదహారు టీలు వస్తున్నాయి, నోరుమూసుకున్నాను.

చేటు నా బల్ల మీదే మొదలైంది. మాస్టారి గొడుగు కథ ఊరంతా పాకి, పాత గొడుగున్న ప్రతివాడూ నాకూ అదే రాయమని పట్టుబట్టాడు. కొత్తది కల్పిస్తానంటే వినరు. మాస్టారికి పాసైంది మాకూ పాసవుతుందంటారు. రాశాను. ఏడాది చివర పై ఆఫీసులో ఎవరో కూడిక వేస్తే, ఒకే గాలివాన రోజు పాటిపాలెం ఆకాశంలో ముప్ఫై ఎనిమిది మంది ఎగిరినట్టు తేలింది. ఇంతమంది ఒకేసారి ఎగురుతుంటే విమానయాన శాఖకి ఎందుకు తెలియపరచలేదో సంజాయిషీ ఇవ్వమని పరాంకుశం గారికి మెమో వచ్చింది.

ఆయన మూడు రోజులు అన్నం తినలేదని అటెండరు చెప్పాడు. నాలుగో రోజు కొత్త ఉత్తర్వు అంటించాడు. ఇకమీదట మనుషుల మాట చెల్లదు. వస్తువు మీద రాసి ఉన్నదే సాక్ష్యం. ఏ వస్తువు మీద ఎవరి పేరుంటే మమకారం వారిది. వేరేవాళ్ల ఇంట్లో ఉంటే స్వాధీనం చేసుకుని పేరుగలవారికి పంపబడును.

పేరు ఉండే వస్తువులేవి? గిన్నెలు. మావైపు స్టీలు గిన్నె కొంటే కొట్లోనే చిన్న మిషన్‌తో పేరు కొట్టిస్తాం. లేకపోతే తిరిగి రాదు. ఎందుకంటే గిన్నె ఇంట్లో ఉండే వస్తువు కాదు. ఇవాళ మా ఇంట్లో గోంగూర వండితే మా గిన్నెలో పక్కింటికి పోతుంది. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు. అది మర్యాద కాదు, శుభమూ కాదు. వాళ్లింట్లో ఏదైనా చేసినప్పుడు, కాస్త కూరో, పిండివంటో, ఏదీ లేకపోతే గుప్పెడు పచ్చిమిరపకాయలో వేసి పంపాలి. అది చేసేదాకా మా గిన్నె వాళ్లింట్లో, వాళ్ల గిన్నె ఇంకొకరింట్లో. ఏ పూట వెతికినా మా ఊళ్లో సగం గిన్నెలు తమ పేరుగల ఇంట్లో ఉండవు. ఊరన్న తర్వాత అంతే. ఆ సంగతి పట్టికలో లేదు.

వారం రోజుల్లో నాలుగువేల మూడువందల పన్నెండు గిన్నెలు గోడౌను చేరాయి. అందులో మా వదినది ఒకటి.

మా వదిన వెంకాయమ్మ, మా అన్న భార్య. అన్న పోయి తొమ్మిదేళ్లు. నేనూ ఆమే పక్కపక్క వాకిళ్లలో ఉంటాం. ఆవిడ ఒక మాట అందంటే దానికి వెనకా ముందూ ఉండవు. పరాంకుశం గారు భూతద్దం పట్టుకుని వాళ్ల వంటింట్లోకి వచ్చినప్పుడు నేనూ వెనకే వెళ్లాను. అలమర పై వరసలో, గుడ్డ కప్పి, బోర్లించకుండా ఒక చిన్న స్టీలు గిన్నె ఉంది. తళతళలాడుతోంది. ఆయన దాన్ని తిప్పి చూశాడు.

"సదరు పాత్రపై జి. సీతారావమ్మ అను నామము కలదు. తమరి నామము వెంకాయమ్మ. ఈ వైరుధ్యమునకు హేతువేమి?"

"ఆమె గిన్నె కాబట్టి ఆమె పేరుంది."

"అటులైనచో తమరి అలమరలో ఏల యున్నది?"

"ఇయ్యాల్సింది ఉంది."

"ఎంత కాలముగా?"

"ముప్ఫై ఒక్క ఏడు."

ఆయన పట్టిక తీసి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. ఇవ్వాల్సి ఉండడం అనే మనోభావం అందులో లేదు. నేను ముందుకు వచ్చి, అయ్యా ఈ గిన్నెకో చరిత్ర ఉంది, వరదల ఏడు ఇది పడవలాగా తేలుతూ, అని మొదలుపెట్టాను.

"నోరు ముయ్యి పున్నయ్యా," అంది వదిన. "దాంట్లో నీ అబద్ధాలు పొయ్యమాక."

గిన్నెకి చీటీ కట్టి పట్టుకుపోయారు. వదిన ఏడవలేదు, అడ్డం పడలేదు. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఎట్టా పంపుతారంట అని నన్నడిగింది. సీతారావమ్మ ఉండే కొత్తరేవుకి పార్సిల్లో పోతుందన్నాను. దాంట్లో ఏం పెట్టి పంపుతారంది. గవర్నమెంటువాళ్లు ఏం పెడతారు వదినా, ఖాళీగానే అన్నాను. అప్పుడు గడప మీద కూలబడింది.

సీతారావమ్మ సంగతి నాకు కొంత తెలుసు, మిగతాది ఆ పూట వదిన చెప్పింది. వాళ్లది గోడకవతలి ఇల్లు. ఆమె భర్త జిన్నింగు మిల్లులో మేస్త్రీ. ఇద్దరూ పొద్దున లేస్తే గోడకి చెరోవైపు నిలబడి నోరు నొప్పెట్టేదాకా మాట్లాడుకునేవాళ్లు. సీతారావమ్మ దొడ్లో మునగచెట్టు కొమ్మ ఒకటి ఇటు వాలింది. ఆ ఏడు చెట్టునిండా గొంగళిపురుగులు. ఒకరోజు మధ్యాహ్నం సీతారావమ్మ ఆ గిన్నెలో మునక్కాడల పప్పుచారు పంపింది. వీళ్లు తిన్నారు. సాయంత్రం మా అన్న వీపు మీద గొంగళి పడి, దద్దురులెక్కి, ఆ కోపంలో కొడవలి తీసుకుని ఇటువైపు కొమ్మ నరికేశాడు. సీతారావమ్మ గోడ మీదుగా చూసి ఒక మాట అంది. మా కాడలు కావాలి గానీ మా గొంగళ్లు పనికిరావా అని. వదిన ఒక మాట అంది. ఆ మాట ఏమిటో ముప్ఫై ఒక్క ఏళ్ల తర్వాత కూడా నాకు చెప్పలేదు. నెల తిరక్కుండా మిల్లు మూతపడి వాళ్లు కొత్తరేవు వెళ్లిపోయారు. గిన్నె ఇక్కడే ఉండిపోయింది.

మొదటి ఏడు కోపం చేత పంపలేదట. రెండో ఏడు సిగ్గు చేత. ఆ తర్వాత నుంచీ ఏం పెట్టి పంపాలో తెలియక.

"నాలుగు రోజులు ఆలస్యమైతే నాలుగు వంకాయలు పెట్టి ఇయ్యొచ్చు," అంది వదిన. "పదేళ్లయ్యాక ఏం పెడితే సరిపోయిద్ది? ఇరవయ్యేళ్లయ్యాక? ఏటికేడూ ఆ గిన్నె పెద్దదైపోతా వచ్చింది పున్నయ్యా."

అన్న నరికిన కొమ్మని మాత్రం ఆవిడ పారేయలేదు. మర్నాడే మా దొడ్లో గుచ్చింది. మునగ కొమ్మ గుచ్చితే బతుకుతుంది. గాలివానకి మూడుసార్లు విరిగింది, మూడుసార్లూ విరిగిన కొమ్మే మళ్లీ పాతింది. ఇన్నేళ్లూ మేమంతా తిన్న కాడలు ఆ చెట్టువే. నాకు ఆ సంగతి తెలియదు. నేను తినేవాణ్నే గాని అడిగేవాణ్ని కాదు.

"గిన్నె పోతే పోనీ. ఖాళీగా మాత్రం పోగూడదు. మూత తీసి చూసి, ఇన్నేళ్లకి ఖాళీ గిన్నె పంపిందా వెంకాయమ్మ అనుకుందంటే, నేను చచ్చినా ఆ మాట చావదు."

గొడుగులెగరేసింది నేను. ఆ గొడుగుల వల్లే మాట చెల్లకుండా పోయింది. మర్నాడు పొద్దున్నే నాలుగు లేత మునక్కాడలు ముక్కలు కోసి, తడిగుడ్డలో చుట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. ఇవి ఆ గిన్నెలో పెట్టి పంపండి, ఇంకేమీ అడగను అన్నాను. పరాంకుశం గారు సానుభూతితో విన్నాడు.

"పున్నయ్య గారూ, సదరు పాత్ర యొక్క శూన్యస్థితి నిన్ననే ధ్రువీకరింపబడినది. మునక్కాడలు ప్రవేశపెట్టినచో అది పాత్ర కాదు, ఆహారము. ఆహారము వేరే శాఖ."

ఆ శాఖ ఆఫీసెక్కడని అడిగాను. ఇంకా పుట్టలేదన్నాడు.

ఆ ఆదివారం గిన్నెల అప్పగింత సభ. షామియానా వేశారు, గిన్నెలు తోమించి కొండలా పేర్చారు. పేర్లు పిలిచి ఒక్కొక్కరికీ దండ వేసి గిన్నె ఇవ్వాలి. మొదటి పేరు దర్జీ మస్తాన్ భార్య ఖాదర్‌బీది. ఆమె వచ్చి గిన్నె అందుకోబోయి, లోపలికి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఖాళీగా ఇస్తున్నారేంది సార్? ఇంట్లో పిల్ల నిశ్చితార్థం పెట్టుకున్నాం," అంది.

పరాంకుశం గారికి అర్థం కాలేదు. గిన్నె మీదే కదమ్మా అన్నాడు. నాదే, అందుకే ఖాళీగా తీసుకోనంటున్నా అందామె. వెనక కూర్చున్న ఆడవాళ్లందరూ ఒక్కమాట మీద లేచారు. దండలు వద్దు, గిన్నెలు వద్దు, ఖాళీ గిన్నె గడప దాటించుకోం అని ఇళ్లకు పోయారు. నేను ఎవరికీ ఏమీ నేర్పలేదు. నేర్పానని చెప్పుకుంటే బాగుండేది గానీ, ఈ ఒక్క కథలో నిజం చెబుదామనుకున్నాను.

నాలుగువేల మూడువందల పన్నెండు గిన్నెలు అక్కడే ఉండిపోయాయి. పై ఆఫీసుకి రాశారు. నిపుణుల సంఘం తన తిరుగుడు కుర్చీల్లో మళ్లీ కూర్చుంది. నెలకి జవాబు వచ్చింది. ప్రతి పాత్రలోనూ శూన్యతా నివారణ ద్రవ్యంగా పది గ్రాముల పంచదార వేసి అప్పగించవలెను, అంతకు మించి గాని, వేరొకటి గాని వేయరాదు. తూచడానికి కాటా తెలిసినవాడు కావాలని నన్నే పిలిచారు. ఆ విధంగా మా వదిన గిన్నెలో ముప్ఫై ఒక్క ఏళ్ల బాకీకి చెంచాడు పంచదార నా చేత్తో నేనే తూచి వేశాను. ఎవరూ చూడకుండా రెండో చెంచా వేద్దామని చెయ్యి ఆడింది. పరాంకుశం గారు కాటా ముల్లునే చూస్తున్నాడు. మీద చీటీ కట్టారు. పంపినవారు: వెంకాయమ్మ, ప్రభుత్వం ద్వారా.

వదినకి ఆ మాట చెప్పాను. చెంచాడా అంది. తర్వాత పది రోజులు నాతో మాట్లాడలేదు. కూర కూడా పంపలేదు.

ఇక ఊళ్లో జరిగింది వినండి. పంచదారతో గిన్నె వచ్చింది గనక ఆడవాళ్లు తీసుకున్నారు. తీసుకున్నాక ఏం చెయ్యాలి? ఆఫీసువాళ్లు మొట్టమొదటిసారి మన గడపకి తీపి పంపారు, మనం ఊరుకుంటే ఏం బాగుంటుంది? మర్నాడు మధ్యాహ్నానికి మమకార ఆఫీసు బల్లల మీద పులిహోర గిన్నెలు, పెసర పునుగుల గిన్నెలు, చేపల పులుసు గిన్నెలు నూటడెబ్భై చేరాయి. పేరుగలవారి పాత్ర ఆఫీసులో ఉండరాదు. తిరిగి పంపాలి. ఖాళీగా పంపరాదని పై ఉత్తర్వు. అంటే గిన్నెలో ఉన్నది ముందు ఎక్కడికో పోవాలి, తర్వాత పంచదార పడాలి. ఎక్కడికి పోవాలో ఉత్తర్వులో లేదు గనక సిబ్బంది తినేశారు. పంచదార వేసి పంపారు. వాళ్లు మళ్లీ పంపారు. రెండు నెలలకి శాఖలో వేరే పనే లేదు. పొద్దున అందుకోవడం, మధ్యాహ్నం తినడం, సాయంత్రం తూచడం. పరాంకుశం గారి బెల్టుకి మూడు కొత్త చిల్లులు పొడిచారు. అన్నీ అవతలి చివరనే. తుమ్ములు కూడా తగ్గాయి.

ఆ రోజుల్లోనే కొత్తరేవు నుంచి గిన్నె తిరిగొచ్చింది. ఆఫీసుకి వచ్చిందాన్ని నేనే తీసుకెళ్లి వదిన ముందు పెట్టాను. నిండా చిమ్మిలి ఉండలు. మీద కాగితం. వదినకి కళ్లజోడు దొరక్క నన్నే చదవమంది.

"వెంకాయమ్మా, ముప్ఫై ఒక్క ఏళ్లకి చెంచాడు పంచదారా. అది కూడా గవర్నమెంటు చేత మోయించావా. నీ చెయ్యి అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. నువ్వులు, బెల్లం ఎంత వేస్తే చిమ్మిలవుతుందో తిని నేర్చుకో. సీతారావమ్మ."

చదివేసి, ఇక ఇల్లు కూలిపోతుందనుకున్నాను. వదిన ఒక ఉండ నోట్లో వేసుకుని నమిలింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. అన్న పోయాక ఆవిడ అట్లా నవ్వడం నేను వినలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వింది.

"బెల్లం ఎక్కువేసింది ముండ," అంది. "నిచ్చెన తీసుకురా. కాడలు కొయ్యి. రేపు పొద్దున బండికి పోతన్నాం."

పప్పుచారు అదే గిన్నెలో పోసి, మూతపెట్టి, గుడ్డతో బిగించి ఒళ్లో పెట్టుకుని వదిన బస్సులో కూర్చుంది. మూడు గంటల ప్రయాణం. గోతుల్లో బస్సు ఎగిరినప్పుడల్లా తనూ గిన్నెతో పాటు ఎగిరి అంతే జాగ్రత్తగా దిగింది. కండక్టరు లగేజీ టిక్కెట్టు తీసుకోమంటే, ఒళ్లో ఉన్నది లగేజీ ఎట్టా అయిద్దయ్యా అంది. ఆయన ఒళ్లో ఉన్నవాటికి నియమం ఏముందో తెలియక వెళ్లిపోయాడు. అటువంటి ఉద్యోగులు ఇంకా ఉన్నారు.

కొత్తరేవులో సీతారావమ్మ తలుపు తీసింది. జుట్టంతా తెల్లబడింది, కర్ర పట్టుకుని నడుస్తోంది. వదినని చూసింది, గిన్నెని చూసింది. లోపలికి రమ్మనలేదు. మూత తీసి వాసన చూసింది.

"గొంగళ్లు ఏరేసే వండావా?" అంది.

"నీ చెట్టుదే. ఆ రోజు నరికిన కొమ్మే పాతుకున్నా," అంది వదిన.

సీతారావమ్మ వేలితో కాస్త చారు తీసి నాలిక్కి రాసుకుంది. ఉప్పు తగ్గిందంది. వదిన, నీ నోరే చప్పబడిందంది. తర్వాత ఇద్దరూ లోపలికి పోయారు. నేనొకణ్ని వచ్చానన్న సంగతి వాళ్లకి అన్నం వేళకి గుర్తొచ్చింది.

సాయంత్రం బస్సుకి బయల్దేరుతుంటే సీతారావమ్మ వట్టి చేతులతో పంపదు కదా. వడియాలూ చింతకాయ పచ్చడీ ఒక పెద్ద స్టీలు డబ్బాలో పెట్టి వదిన చేతికిచ్చింది. మూత మీద, పక్కన, అడుగున, మూడుచోట్ల కొట్టించి ఉంది జి. సీతారావమ్మ అని.

ఆ డబ్బా ఇప్పుడు అలమర పై వరసలో, గిన్నె ఉండే చోటే, గుడ్డ కప్పుకుని ఉంది. మొన్న పరాంకుశం గారు వచ్చాడు. ఈసారి భూతద్దం లేదు, వదిన పంపిన పప్పు గిన్నె తిరిగి ఇవ్వడానికి స్వయంగా వచ్చాడు, పది గ్రాములు పోసుకుని. ఇస్తూ ఇస్తూ అలవాటు ప్రకారం తలెత్తి అలమర చూశాడు, డబ్బా కనపడింది, పేరు కనపడింది. జేబులోంచి పట్టిక తీశాడు.

"ఇదేమి వెంకాయమ్మ గారూ? హేతువు?"

"ఇయ్యాల్సింది ఉంది."

ఆయన పట్టిక చూశాడు. డబ్బా చూశాడు. నేను ఏదైనా అందామని నోరు తెరిచి, వదిన చూపు చూసి మూసుకున్నాను. అప్పుడు పరాంకుశం గారి ముఖం, ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో తను మనసారా ప్రేమించిన ఒకేఒక్క సంగతి ఉన్నట్టుండి ఎదురైనట్టు, మెల్లగా వెలిగింది.

"అనగా, పెండింగ్," అన్నాడు.

"ఏదో ఒకటి," అంది వదిన.

ఆయన కలం తీసి, అచ్చు పట్టిక అడుగున ఇరవై నాలుగు అని అంకె వేసి, ఆ మాట అందంగా రాసి, ముద్ర కొట్టాడు. డబ్బాకి పత్రం అతికించాడు. వెళ్లబోతూ గడప దగ్గర ఆగి, చింతకాయ పచ్చడి గురించి ఏదో వాసన ఆధారంగా విచారించాడు. వదిన లేచి వంటింట్లోకి వెళ్లి, ఆయన అప్పుడే తిరిగిచ్చిన గిన్నెనే తుడిచి, పచ్చడి వేసి చేతిలో పెట్టింది.